జాగ లేదు

రాత్రి రెండూ పదికి
మిర్యాలగూడ బైపాసు పొడుగూత ముప్పై ఒక్క లారీలు
లైట్లు ఆర్పుకొని నిలబడ్డయి.
వేబ్రిడ్జి బరువు చూపిస్తది, చీటీ మాత్రం ఇయ్యదు.
రైసుమిల్లు ఆఫీసు వెనక అర్రల
సర్వర్ లాగ్‌లో ఒకటే మాట రాస్కుంటున్నది:
డిస్కు మీద జాగ లేదు.
కింద ఇంకో వరుస:
పై మాటే మూడువందల పన్నెండు సార్లు.

ముందుగాల గడియారం.
అది రాసిన టైము నిన్న రాత్రి ఎనిమిదీ నలభై.
తెలియనోడైతే ఎనిమిదింటికి ఎవడు ముట్టిండో అని
పాపం పగటి డ్యూటీ పిల్లగాన్ని నిద్రలేపుతడు.
ఈ పెట్టె నల్లగొండ జిల్లాల ఉన్నదని
దానికి ఎవ్వలు చెప్పలే.
ఇంకా గ్రీనిచ్ పొద్దుతోనే బతుకుతున్నది.
ఐదున్నర కలుపుకున్న,
మా నాయన గుంటలను ఎకరాలు చేసినంత అలవాటుగ.

తర్వాత జాగ.
కొలిచి చూసిన. నలభై ఆరు శాతమే నిండింది.
మనసొప్పక మళ్ల కొలిచిన.
అయినా లాగ్ అబద్ధమాడుతదా అని
పాత బ్యాకప్పులు రెండు చెరిపిన,
పోయిన యాసంగి లెక్కలు.
(ఆ తప్పు ఇయ్యాల్టికీ గుచ్చుతది.)
ఖాళీ పెరిగింది. మాట మారలే.
జాగ లేదు. జాగ లేదు.

బాణోతు హర్యా వచ్చి కిటికీ ఊచలు పట్టుకున్నడు,
హాలియా దిక్కు వడ్లు, పదకొండు గంటల నుంచి లైన్ల ఉన్నడు.
"ఏమంటది సారూ అది?"
"జాగ లేదంటది. ఉన్నది కాని."
నవ్విండు.
"మా కొనుగోలు సెంటర్ల గిట్లనే అన్నరు, జాగ లేదు పో అని.
తొంగి చూస్తే షెడ్డు మొత్తం ఖాళీ,
కుక్కలు కాళ్లు చాపుకొని పండుకున్నయి.
లేనిది జాగ కాదు సారూ, గన్నీ సంచులు.
సంచి లేకుంటే ఎంత జాగుండి ఏం లాభం,
వడ్లు యాడ పోస్తరు?"

ఇంకా ఏదో చెప్తున్నడు. నేను ఇనలే.

ప్రతి ఫైలుకు ఒక సంచి కావాలె, ఐనోడు అంటరు.
డిస్కు పుట్టిన నాడే లెక్కపెట్టి ఇస్తరు,
మళ్ల అడిగితే రావు.
లెక్క చూసిన: వంద శాతం.
ముప్పై రెండు లక్షల డెబ్బై ఆరు వేలు,
ఒక్కటి మిగల్లే.

ఓ మూల డైరెక్టరీల దొరికినయి.
తూకం అంకె కదిలినప్పుడల్లా ప్రోగ్రాం
ఒక తాళం ఫైలు పెడ్తది, పని కాంగనే తీసెయ్యాలె.
నాలుగేండ్లుగ పెట్టుడే, తీసుడు లేదు.
సున్నా బైట్లు. లోపల గింజ లేదు.
ఒక్కొక్కటి ఒక్కో సంచి కప్పుకొని కూసున్నయి.

అన్నీ తియ్ అన్న.
జాబితా మరీ పొడుగున్నది అన్నది.
ఆ రాత్రి అది సూటిగ చెప్పిన నిజం అదొక్కటే.
కొన్ని కొన్నిగ తీసుకుంట పోయిన.
బయట సైదులు కేన్ల చాయ్ తెచ్చి
డ్రైవర్లకు పోస్తున్నడు, ఎవని చేతిల గ్లాసు వానిది.
మూడూ ముప్పై ఏడుకు
ప్రింటర్ ఒక్కసారి దగ్గినట్టు చేసి
హర్యా చీటీని బయటికి నెట్టింది.
వెలుగు కింద రెండుసార్లు చదువుకొని
జేబుల పెట్టుకున్నడు. థాంక్స్ అనలే,
ఆయన చెప్పిన దాంతోనే ఒడిసిందని ఆయనకు తెల్వది.
నేనూ చెప్పలే. లారీ కదిలింది.

పొద్దున ఏడు కొట్టక ముందే
రేపాల పురుషోత్తం సేటు ఫోను.
"ఏమయిందయ్యా రాత్రి?"
ఐనోడ్లు, తాళాలు, సంచులు, హర్యా, కుక్కలు
అన్నీ నాలిక చివరికొచ్చి ఆగినయి.
కండ్లు మండుతున్నయి.
"జాగ లేకుండె సార్" అన్న.

"గంతేనా? పెద్ద డిస్కు తెప్పియ్" అని పెట్టేసిండు.

నా పక్కన సర్వర్
అంతా సవ్యం అని రాస్కున్నది,
రాత్రి ఒంటిగంటా ఇరవై నిమిషాలకు.