పాలిష్ పట్టని వైపు

చీమకుర్తి రోడ్డు మీద
రాయి లారీలు మూలుగుతూ పోతుంటే
అన్నం గిన్నెలు పక్కకి జరిపి
రెండొందల పేజీల నోటుబుక్కు తెరుస్తాను.
తేదీ. ఎనిమిదో తరగతి.
ముప్పై ఎనిమిదికి ఇరవై ఆరు మంది హాజరు.
పైన నీలం సిరాతో అడ్డగీత,
దాని కింద: ఇవాళ ఇంగ్లీషు ఎట్టా జరిగింది.

నెలకోసారి సంతనూతలపాడులో మీటింగు.
మేం ఏడుగురం, ఇంగ్లీషు చెప్పేవాళ్ళం,
టీ చల్లారేలోపు
ఒకరి పుస్తకం ఒకరం పట్టుకుపోతాం.
నా పుస్తకానికి మంచి పేరు.
ఎందుకుండదు?
పిలకాయలు నవ్విన పాఠం రాస్తాను,
ఆవలించిన పాఠం రాయను.
మూడు రంగుల సుద్దముక్కల బొమ్మ రాస్తాను,
మాలకొండయ్య 'ఐ హ్యాజ్' అన్నప్పుడు
నా గొంతు ఎంత పెరిగిందో రాయను.

జులైలో ఒక రోజు
బోర్డు మీద 'గ్యాలక్సీ' అని రాసి
అర్థం ఎవరు చెప్తారన్నాను.
ఎప్పుడూ లేవని చేతులు లేచాయి.
మా నాయన కోసే రాయి మేడం!
నల్లరాయి, లోపల బంగారు చుక్కలుంటయ్!
చుక్క దగ్గరగా ఉంటే ఎక్స్‌పోర్టు, లేకుంటే సెకండ్స్!
బ్లాకు, డ్రిల్లింగు, బ్లాస్టింగు, క్రేను, రాయల్టీ...
నేను ఏడాదంతా నూరిపోసినా ఎక్కనన్ని మాటలు
ఒక్క నిమిషంలో గది నిండా.

'కాదు' అన్నాను.
గ్యాలక్సీ అంటే ఆకాశంలో ఉండేది.
పాలపుంత. రాసుకోండి.

చేతులు దిగాయి,
ఒకటి, ఇంకొకటి, తర్వాత అన్నీ.
అంకమ్మది మాత్రం సగంలో ఆగింది:
అయితే మా రాయికి ఆ పేరు ఎవురు పెట్టారు మేడం?

గంట కొట్టారు. అదృష్టం.

ఆ రాత్రి పుస్తకంలో ఏం రాశానో చెప్పనా?
'గ్యాలక్సీ పాఠం. పిల్లలు ఉత్సాహంగా పాల్గొన్నారు.'
అబద్ధం కాదు.
చేతులు లేచినంతవరకూ నిజమే.

నెల తిరిగేసరికి పుస్తకం వెనక్కి వచ్చింది.
ఆ వాక్యం కింద మస్తాన్‌వలి మాస్టారి పెన్సిలు,
ఒకే ఒక్క మాట: 'తర్వాత?'

ఆయన పుస్తకం నా దగ్గరుంది.
కోడిగీతల్లాంటి రాత.
'ఇవాళ ఒక్కరూ నోరు తెరవలేదు. నేనూ తెలుగులోనే లాగించాను. వాన.'
'ఇరవై రెండేళ్ళ సర్వీసు. ది ఎక్కడ పెట్టాలో
ఇప్పటికీ తడుముకుంటాను. పిల్లలకి తెలియనివ్వను.'
'ఖాసింబీని ఊరికే కసిరాను. రేపు చెప్పాలి, సారీ అని.
సారీ ఇంగ్లీషే కదా.'
నవ్వాను. తర్వాత నవ్వు ఆగిపోయింది.

ఇంటికొచ్చే దారిలో పాలిషింగ్ యూనిట్టు.
వాకిట్లో ఒక పలక నిలబెట్టి ఉంది.
ఇటువైపు అద్దం, నా చీర అంచు కూడా కనపడుతోంది.
అటువైపు గరుకు, రంపం పోయిన గీతలు.
ఆ వైపు అట్టాగే వదిలేస్తారా అని అడిగితే
మేస్త్రీ నన్ను వింతగా చూశాడు,
'సిమెంటు పట్టేది దానికేగా అమ్మా?'

ఆ రాత్రి 'తర్వాత?' కింద
మిగిలింది రాశాను, రెండు పేజీలు.
పొద్దున బడికెళ్ళి, అంకమ్మ ప్రశ్నకి
జవాబు నాకు తెలియదన్నాను, అందరి ముందూ.
అన్నాక, దాన్నే ఇంగ్లీషులో బోర్డు మీద రాశాను.
'ఐ డోంట్ నో.'
గది మొత్తం ఎంత హాయిగా పలికిందో!
వేసవి సెలవులకి గంట కొట్టినట్టు.

సోమవారం ఎమ్మీవో గారొచ్చారు.
మాలకొండయ్యని లేపి ఏదో క్రియకి
భూతకాలం అడిగారు.
వాడు చేతులు కట్టుకుని, నిటారుగా నిలబడి
'ఐ డోంట్ నో సార్' అన్నాడు.

ఆయన నా వైపు చూశారు.
నేను వాడి వైపు చూశాను.
మూడేళ్ళలో వాడు చెప్పిన
తప్పులేని మొదటి వాక్యం.

ఇది కూడా రాశాను.
కింద నాలుగు గీతలు ఖాళీగా వదిలాను,
పెన్సిలుకి.