తువ్వాల

ఆఖరి అంకానికి వచ్చేసరికి
వేదిక మీద నిలబడ్డవాళ్ళకంటే పడ్డవాళ్ళే ఎక్కువ.
మార్జిన్‌లో పెన్సిలు గీతలు పెట్టి లెక్కేస్తున్నాను.
అమ్మ చాట ఒళ్ళో పెట్టుకుని తునికాకు కత్తిరిస్తూ
తన లెక్క తను వేసుకుంటున్నది.
కోరుట్లలో కరెంటు పోయి గంటయింది.
సోమవారం హన్మకొండలో పరీక్ష.

నాలుగు వందల ఏండ్ల కిందటి కథ అమ్మా, అన్నాను.
నడిరాత్రి కేక విని ఒక ముసలాయన
పక్కమీదున్నట్టే తోటలోకి ఉరుకుతాడు.
కొమ్మకు వేలాడేది ఎవరో పాపం అని తాడు కోసి దించుతాడు.
కొడుకు.
కత్తెర ఆగింది.
"ఏం పేరు పిలగానిది?"
చెప్పాను. ఆమెకు నోరు తిరగలేదు.
"సరే తియ్, లింబాద్రి అనుకో" అన్నది.

అట్లా మా మేనమామ ఇంగ్లీషు నాటకంలోకి వచ్చాడు,
నేను పుట్టక ముందే
పసుపు చేనుకు నీళ్ళు కట్టబోయి
గెట్టు మీద గొడ్డలికి పడిపోయినవాడు.

ముసలాయన కొడుకు నెత్తుట్లో చేతిగుడ్డ ముంచి
రొమ్ము దగ్గర దాచుకుంటాడు.
వసుంధర మేడం నోట్సులో:
చేతిగుడ్డ, పగకు గుర్తు, తప్పక వస్తుంది.
మా అమ్మమ్మ ముత్తవ్వ సందుగలోనూ ఒకటుండేది,
నీలం గళ్ళ తువ్వాల,
మడతల్లో మండూరమై అట్టకట్టి.

ఆ ముసలాయన మామూలోడు కాదమ్మా, న్యాయాధికారి.
ఊరందరి ఫిర్యాదులు తనే వింటాడు,
తన ఫిర్యాదు వినేవాడు దొరకక
వాళ్ళ కాగితాలు పండ్లతో చింపుతాడు.
"జడ్జికే దిక్కు లేకపాయె" అన్నది అమ్మ,
"ఇగ మా అవ్వ ఎంత."
జగిత్యాల కోర్టు ముందట పద్నాలుగేండ్లు,
వాయిదాకో సద్దిమూట.
చిన్నాయన వరుసైన సాక్షి బోనెక్కి
చీకట్ల కానరాలేదు సారూ, అన్నాడట.
ఖూనీ అయింది మిట్టమధ్యాహ్నం.

ఎందుకు ఆలస్యం చేశాడు, అని అడుగుతారు పరీక్షలో.
నాలుగు కారణాలు రాసుకున్నాను:
సందేహం, పిచ్చి, దేవుని భయం, రుజువుల కొరత.
ఐదోది అమ్మ చెప్పింది.
"నాట్లు వచ్చినయి బిడ్డా.
నాట్లేసే యాళ్ళకు ఎవడు పగ పట్టుకుంటడు?"

ఇగ చివర్లో ముసలాయన ఒక ఆట ఆడిస్తాడు.
అందులో కత్తులు నిజంవి.
రాజుగారు ఎంత బాగా చచ్చారో అని మెచ్చుకుంటుంటాడు,
వాళ్ళు మళ్ళీ లేవరు.
అమ్మ ఒక బీడీకి దారం చుట్టి, తెంపి,
"మల్ల ఆ నెత్తురంత ఎవలు కడిగిన్రు?"
పుస్తకం ముందుకీ వెనక్కీ తిప్పాను.
ముందుమాటలో లేదు. అడుగున చిన్నక్షరాల్లోనూ లేదు.

"కేసు కొట్టేసిన్నాడు
మా అవ్వ తువ్వాల తీసి ఉడుకుడుకు నీళ్ళల్ల నానేసింది.
మూడుసార్లు ఉతికింది. మరక పోలే.
ఆరేసి, నాలుగు మడతలు పెట్టి,
గంజి వంపే మసిగుడ్డ జేసింది."
మాఫ్ చేసిందా మరి?
అమ్మ నన్ను తెలివిలేనిదాన్ని చూసినట్టు చూసింది.
"మాఫ్ లేదు గీఫ్ లేదు.
గిన్నె కాల్తది గదనే."
ఆగి, చాటలో వేలుతో కెలికి,
"నీతోని ముచ్చట్ల వడి కట్ట లెక్క తప్పింది" అన్నది.

సోమవారం ప్రశ్న వచ్చింది.
పగ న్యాయమెట్లవుతుందో చర్చించుము, పదహారు మార్కులు.
ఆలస్యానికి నాలుగు కారణాలే రాశాను,
ఐదోదానికి ఇంగ్లీషు దొరకలేదు.
మూడో పేజీలో, తండ్రి తాడు కోసే చోట,
చచ్చిన కొడుకు పేరు లింబాద్రి అని పడింది,
శుభ్రంగా, ఇంగ్లీషు అక్షరాల్లో.
కొట్టేద్దామని పెన్ను ఎత్తేలోపు
కాగితాలు గుంజుకున్నారు.
దిద్దే ఆయన ఎర్రసిరాతో చుట్టూ సున్న చుడతాడు కావచ్చు.