చాటింపు

పలమనేరు పట్టువిత్తనాల కేంద్రంలో
మొదటి ఏడాది నాకేమీ కాలేదు.
ఇది ముందు చెప్పాలి.
అందరూ దగ్గు మొదలైన రోజునుంచే అడుగుతారు.

గూడు చీల్చుకొచ్చిన రెక్కల పురుగుల్ని
జంట విడదీసి
ఆడదాన్ని కాగితం మీదికి, మగదాన్ని బుట్టలోకి.
వేలికొసల్లో తెల్లటి పొడి,
కిటికీ ఎండలో ఈదే పొడి,
సాయంత్రం కొంగు దులిపితే
గడప మీద ఎవరూ వెయ్యని ముగ్గు.
పక్క బల్ల ఖమరున్నీసాది.
ఒకే గాలి. ఒకే డబ్బామూతలో ఊరిమిండి.
ఇద్దరికీ ఏమీ కాలేదు.

కాలేదనుకున్నాను.

మా అవ్వది తిరపతి, తాతయ్యగుంట పక్క సందు.
గంగజాతరకు ముందు నడిరేయి
పలక కొట్టుకుంటా పోతారక్కడ:
ఇంక ఎవురూ పొలిమేర దాటగూడదు.
నిద్రలో ఉన్నోడికి వినబడకపోయినా
చాటింపు చాటింపే.
అట్లాంటిదే నా రొమ్ములోపల జరిగింది,
నన్ను లేపకుండా.

ఊపిరిగొట్టం గోడలో
చేతులు చాచుకొని కూచున్న కణమొకటి
రెక్కపొడి రవ్వ నొకదాన్ని పట్టింది.
నమిలి, తునక చేసి, ఒంటిమీద అతికించుకొని
గ్రంథిదాకా నడిచిపోయింది.
అక్కడ ఇంకా ఏ పనీ తెలీని కుర్రకణాలు.
ఇదిగో, దీన్ని గుర్తుపెట్టుకోండి అంది.
ఏ గొంతుతో అందో గానీ
పగవాణ్ణి చూపించినట్టు అంది.

ఒకటి పదయింది, పది వేలయింది.
ఒక తెగ కొక్కేలు పోతపోసింది.
ఇంకో తెగ ఆ కొక్కేలు ఒళ్ళంతా తగిలించుకొని
కడుపునిండా మందుగుండుతో
గొట్టాల పక్కన కాపు కూచుంది.
నేనా రాత్రి సంగటి తిని పడుకున్నాను.

మూడో ఏడు, ముసురు రోజు,
బుట్ట మూత తీశానంతే.
ఎలుక దూరిన పిల్లనగ్రోవిలాగ
రొమ్ము వింతగా కూసింది.
మేస్త్రీ నీళ్ళు తెచ్చాడు.
నీళ్ళు కాదు, గాలి గాలి అని
చేత్తో చెప్పాల్సొచ్చింది.

తిరపతి ఆసుపత్రిలో
పరిశోధన చేసే సుచరిత అనే పాప
మా ఇద్దరి రక్తమూ తీసుకుంది, నాదీ ఖమరుదీ.
చెరో గాజుగొట్టంలో పోసి
పురుగుపొడి చిటికెడంత కలిపి చూసింది.
నేను బయట బెంచీ మీద ఇడ్లీ తింటా ఉన్నాను,
హాయిగా ఊపిరి పీలుస్తా.
లోపల గొట్టంలో
నా రొమ్ము లేకుండా, నా దగ్గు లేకుండా,
అసలు నేనే లేకుండా
నా కణాలు లేచి నిలబడ్డాయంట.

ఖమరువి కదల్లేదు.

"మావోళ్ళు చెవిటోళ్ళా పాపా?" అనింది ఖమరు.
ఆ పిల్ల నవ్వి, కాదమ్మా, మీవి కూడా విన్నాయేమో,
పోనీలే ఊరుకోండి అని సర్దిచెప్పే కణాలుంటాయి,
మీలో వాటి మాట చెల్లినట్టుంది అనింది.
నాలో ఎందుకు చెల్లలేదు?
"తెలీదు రెడ్డెమ్మా. అదే చూస్తా ఉన్నాం."
తెలీదని చెప్పిన మొదటి డాక్టరు.
ఆ మాటకే సగం దగ్గు తగ్గినట్టయింది,
సగం కాదులే, చిటికెడు.

జాతరకైతే ముగింపుంది.
తెల్లారే లోపల మట్టి అమ్మను చెరిపేస్తారు,
పిడికెడు మన్ను ఇంటికి తెచ్చుకొని
ఊరు మళ్ళీ ఊరవుతుంది.
నా లోపల చాటింపు వేసినోడు
ముగింపు చెప్పడం మరిచిపోయినాడు.

నేను పని మానేశాను. ఖమరు మాన్లేదు.
ఇప్పుడామె వీధి మలుపు తిరిగితే చాలు,
నా కళ్ళకంటే ముందు
నా ముక్కు గుర్తుపడతాది.
పదకొండేళ్ళ స్నేహితురాలిని
పగవాడి బట్టల్లో చూస్తాయి ఈ మూర్ఖపు కాపలాదార్లు.

తిరుగు బస్సులో
ఆమే లేచి, ఏమీ అనకుండా,
మూడు సీట్లు వెనక్కి పోయి కూచుంది.
చంద్రగిరి దాటినాక
మధ్యలో ఉన్న వాళ్ళ చేతులమీదుగా
వేయించిన చెనిక్కాయల పొట్లం ఒకటి
నాదాకా వచ్చింది.
పొట్లం మీద తడి వేళ్ళ గుర్తులు.
బస్టాండు కొళాయిలో చేతులు
మోచేతులదాకా కడుక్కొని వచ్చింది మరి.