శివారు దాకా

రాజమండ్రి నుంచి ప్రశ్నాపత్రం వచ్చింది, సంఘం వాళ్ళు పంపారు.
పద్దెనిమిదో ప్రశ్న: మీ వృత్తిలో మీకు తృప్తి ఎంత?
ఒకటి నుంచి ఐదు దాకా గడులు.
పంతొమ్మిది: సాటి దంతవైద్యుల సహకారం ఎలా ఉంది?
మళ్ళీ అవే గడులు.

సఖినేటిపల్లి రేవు దగ్గర నా క్లినిక్.
వాన. కరెంటు లేదు. కంప్రెసర్ మూగబోయింది.
మేరీరత్నం ట్రేలు తుడిచి
పంటు వస్తోందేమోనని కిటికీలోంచి చూస్తోంది.

అవతలి ఒడ్డున, నరసాపురంలో, నల్లి ప్రభుదాసు.
నేను బోర్డు పెట్టిన ఏడు
మా ఇద్దరి మధ్య వశిష్ఠ పాయ ఉండేది,
దానికంటే వెడల్పుగా ఒక మాట ఉండేది:
"ఎవరు పెట్టారండీ ఈ సిమెంటు?"
నోరు తెరిచిన ప్రతి మనిషినీ అడిగేదాన్ని.
అడగడంలోనే తీర్పు ఉండేది.
నా పని చూసి ఆయనా అక్కడ అడిగేవాడట, అదే రాగంలో.
కొబ్బరికాయల బస్తాల పక్కన పెట్టుకుని
మా మాటల్ని ఇటూ అటూ మోసేవారు పేషెంట్లు.

తర్వాత తిరుమాని పోలేశు దవడ.
కింది జ్ఞానదంతం. తెల్లారి వేటకి పోవాలి,
ఇప్పుడే తీసెయ్యమన్నాడు.
పటకారు తిరిగింది, టక్కుమంది,
వేరు లోపలే ఉండిపోయింది.
సాయంత్రం ఆరున్నర. దూది మీద దూది.
నా చేతులు వణకడం మేరీరత్నం చూసింది,
చూడనట్టు లైటు సర్దింది.
ఫోనెత్తిన ప్రభుదాసు నాకే ఎందుకు చేశావనలేదు.
"ఏ వైపు?" అన్నాడు.

చివరి పంటుకి వచ్చాడు, టిఫిన్ క్యారేజీతో.
పై గిన్నెలో ఉడకబెట్టి గుడ్డలో చుట్టిన ఎలివేటర్లు,
కింది గిన్నెలో వాళ్ళావిడ పెట్టిన నెత్తళ్ళ వేపుడు.
నేను దవడ పట్టుకున్నాను, ఆయన వేరు పట్టుకున్నాడు.
నలభై నిమిషాలు.
కొడవలిలా వంగిన ముక్కని పోలేశు అరచేతిలో పెట్టి
"చూడు, ఈ వంకర. ఎవరి చేతిలోనైనా విరిగేదే" అన్నాడు.

ఇరవై రెండేళ్ళుగా ఆ వాక్యం మీద బతుకుతున్నాను.

తిరిగి వెళ్ళడానికి పంటు లేదు.
పేషెంటు కుర్చీలోనే వెనక్కి వాలి
నోరు తెరిచి నిద్రపోయాడు.
పై దవడలో ఆయనకీ ఒక పుచ్చు,
ఎవరికీ చూపించుకోనిది.
పొద్దున్న మొదటి పంటుకి ముందు దాన్ని నింపాను.

అప్పట్నుంచి చీటీలు తిరుగుతున్నాయి,
సరంగు కాశీ జేబులో, ఎక్స్‌రే కవరుతో సహా.
ఆయన గొంతుకి జడిసే చిన్నపిల్లలు నాకు వస్తారు.
పై దవడ దంతానికి పుస్తకంలో మూడు కాలువలు;
నాలుగోది ఉంటుంది, పంటబోదెలా సన్నగా, గట్టు చాటున.
నాకు దొరకనివి ఆయనకి పంపుతాను.
"దొరికింది. శివారు దాకా వెళ్ళాను. చక్కెరకేళి గెల అందింది."

శివారంటే ఈ ఊళ్ళలో ఎవరికీ వివరించక్కర్లేదు.
లాకుల దగ్గర నీళ్ళు నిండుగా ఉండి ఏం లాభం?
చిట్టచివరి మడి తడవాలి.
వేరు కొసన రవ్వంత ఖాళీ మిగిలితే
ఆ మనిషికి నిద్ర మిగలదు.

నడుము ఈ ఏడు రెండుసార్లు పట్టేసింది.
కుర్చీ అప్పు నిరుడే తీరింది.
"పళ్ళ డాక్టరేనా, మామూలు డాక్టరు కారా అండీ?"
ఇంకా అడుగుతారు, పాపం, మర్యాదగానే.
ఆ లెక్కన పద్దెనిమిదికి ఒకటి వెయ్యాలి.
మూడు వేశాను. కొట్టేశాను. నాలుగు.

మొన్న పాలకొల్లు క్యాంపులో ఒక కుర్ర డాక్టరు
ప్రభుదాసు నోట్లోకి తొంగి చూసి అడిగిందట:
"ఎవరు పెట్టారండీ ఈ సిమెంటు?"
"మా ఒడ్డువాళ్ళే" అన్నాడట.

పంతొమ్మిదో ప్రశ్న దగ్గర గడులు వదిలేసి
పక్క ఖాళీలో రాశాను:
చివరి పంటు ఏడుంపావుకి.

కరెంటొచ్చింది. కంప్రెసర్ గుర్రుమంది.
అరుగు మీద గొడుగు మడుస్తున్నారెవరో, చెంప పట్టుకుని.
లోపలికి రమ్మను, మేరీరత్నం.