ఏడున్నర

శనివారం షిఫ్టు దిగి
కాశీబుగ్గ వెనక వీధి అంగన్‌వాడీ గదిలో చేరతాం,
ఉడుత బొమ్మ కింద, చిన్నపిల్లల చాపల మీద
మోకాళ్లు ముడుచుకుని పదకొండు మందిమి.
తాళం ఆయమ్మ దగ్గర. పుస్తకం నా దగ్గర.

పుస్తకం మొదటి పేజీకి జీడి మరక.
రెండో పేజీకీ.
బూడిద రాసుకున్నా, ఆముదం పూసుకున్నా
పిక్కలో నూనె వేళ్లని వదలదు.
మేం పేర్లు రాయకముందే
మా వేళ్లు సంతకం పెట్టేశాయి.

ఆ రోజు నర్సమ్మగారు రక్తం చూస్తామన్నారు.
ఢిల్లీశ్వరి చెయ్యి చాపింది.
తోలు ఊడి, నల్లగా, గరుగ్గా
పది వేళ్లూ పది పిక్కల్లా ఉన్నాయి.
ఆవిడ ఒక్కో వేలూ తిప్పి చూసి
సూది పట్టుకుని కాసేపు ఊరుకున్నారు.
"ఏ వేలికి గుచ్చనే తల్లీ?"

చిటికెన వేలి పక్కన కొంచెం మెత్తన దొరికింది.
చుక్క రావడానికి చాలాసేపు పట్టింది.
ఏడున్నర.
పన్నెండు ఉండాలట.

బల్ల మీద పొట్టు తీస్తూ తీస్తూ
రెండుసార్లు తల వాల్చేసిందిది.
మేస్త్రీ పనిదొంగ అన్నాడు.
నాన్నమ్మ గాలి సోకిందని తాయెత్తు కట్టించింది.
నెలనెలా ఎనిమిది రోజులు తడిసిపోతుందని,
గోనె మీంచి లేవడానికే జంకుతుందని
మాకూ ఈ గదిలోనే తెలిసింది.
అదీ కరెంటు పోయిన పావుగంటలో.
కరెంటు వచ్చాక ఎవరం ఎవరి మొహమూ చూసుకోలేదు.
చాలాసేపటికి ఊర్మిళ
చాప పీచు లాగుతూ
"నాకూనూ" అంది.

నలుగురం వాళ్లింటికెళ్లాం.
"గాలీ కాదు, దెయ్యమూ కాదు మామ్మా. ఏడున్నర."
ముసిల్ది గుండె మీద చెయ్యేసుకుంది.
"ఓలమ్మో, ఏడున్నరే!
ఏల్నాటి శనే! నాననుకుంతనే ఉన్నాను!"
నవ్వాపుకోలేక తులసమ్మ గుమ్మం దాటి పారిపోయింది.
నేను చెప్పబోయాను, రక్తం, ఇనుము, నీలం మాత్ర.
ఆవిడ అప్పటికే డబ్బాలో
నల్ల నువ్వులు వెతుకుతోంది,
శనికి దానమివ్వాలని.

నర్సమ్మగారు విని నవ్వలేదు.
"ఇవ్వమనండి.
శనికి గుప్పెడు, పిల్లకి రెండు గుప్పెళ్లు,
బెల్లం కలిపి."

పెద్దాసుపత్రికి ఊర్మిళ తోడెళ్లింది.
ఇద్దరి కూలీ పోయిన ఆ పూట
మిగతా తొమ్మిది మందిమీ తలా కొంత వేశాం.
మాత్ర టీతో కాదు, నిమ్మనీళ్లతో.
నాలుగో రోజు పొద్దున్నే
నల్లగా పోతోందని ఏడుస్తూ పరిగెత్తుకొచ్చింది.
వీధి కుళాయి దగ్గర బిందె దించి
నా రాత నేనే చదివి వినిపించాను:
భయం లేదు. అది ఇనుము.

ఎనిమిది.
ఎనిమిదీ ముప్పావు.
వానల్లో మాత్రలు రాక మళ్లీ ఎనిమిది.
ఆ నెల ఎవరం ఏమీ మాట్లాడుకోలేదు,
పుస్తకంలో కూడా ఒక్క వాక్యమే ఉంది.
తర్వాత తొమ్మిదిన్నర.

నిన్న శనివారం
మామ్మే వచ్చింది, స్టీలు డబ్బాతో,
గుమ్మంలోనే నిలబడి
"శనొగ్గీసిందా నేదా, సూసి సెప్పండి" అంది.
"పదిన్నర, మామ్మా."
వేళ్లు మడిచి లెక్క కట్టింది.
"అయితే ఇంకా ఒకటిన్నరుంది."
నువ్వులుండలు పంచింది, శని వాటా కూడా మాకే.
పంచి, వెళ్లిపోతుందనుకున్నాం.
చాప మీద చతికిలబడి చెయ్యి చాపింది,
నలభై ఏళ్ల జీడి తిన్న చెయ్యి,
రేషను మిషను గుర్తుపట్టని వేళ్లు.
"నాకూ గుచ్చండి."

నర్సమ్మగారు ఆ వేళ్లలో మెత్తన వెతుకుతున్నారు.
నేను పుస్తకంలో పన్నెండో గీత గీశాను.
రాయబోయి ఆగాను.
ఢిల్లీశ్వరి కేసి చూస్తే
అదీ నాకేసే చూస్తోంది.
"మామ్మా,
నీ పేరేటి?"