పాత పేజీ నలభై ఒకటి

సవరణ వచ్చింది.
పాత పేజీ నలభై ఒకటి తీసేసి
కొత్త పేజీ నలభై ఒకటి పెట్టుకోవాలట.
రింగు ఫైలు నోరు తెరిచి మూస్తే
ఎలుకల బోను చప్పుడు.

గ్రిమ్స్‌బీలో రాత్రి ఒకటిన్నర.
రేవు మీంచి గాలి
పొగబెట్టిన చేపల వాసన మోసుకొచ్చి
నా కోటుకి తగిలించి పోతోంది.
ఈ వాసనతోనే కోర్టులో నిలబడతాను.
మేజిస్ట్రేటు కోటుదీ ఇదే వాసన, ఎవరూ ఏమీ అనుకోరు.

మార్పు చిన్నదే.
స్టేషనుకి లాయరు 'వెళ్ళవలెను' అని ఉన్నచోట
'వెళ్ళవచ్చును' అని వేశారు.
మనసులో తెలుగు చేసుకుని చూస్తే
తేడా ఒక్క అక్షరం:
'లె' పోయింది, 'చ్చు' వచ్చింది.
ఫోనులో చెప్పినా చెప్పినట్టే లెక్క.
సర్కారు ఇచ్చే ఫీజు ఎలాగూ ఒక్కటే,
గంట కూర్చున్నా
కోడికూతదాకా కూర్చున్నా.

రాసినవాడు చెడ్డవాడని నేననను.
ఒకప్పుడు మా డ్యూటీ జాబితాలో పద్నాలుగు పేర్లు,
ఇప్పుడు నాలుగు.
అందులో గ్వెనెత్ ఒలరెన్షాకి అరవై మూడు, అరిగిన మోకాలు.
స్కంథార్ప్ దాకా మంచులో కారు తోలే ఆవిడకి
ఆ 'చ్చు' ఒక కుర్చీ.
"నిద్రపోతానమ్మా ఇక" అంది సాయంత్రం,
అని ఏడ్చింది కూడా.
ఎందుకో నేనడగలేదు.

ఈ రాత్రి పేరు కైరన్ బ్లాంచర్డ్.
పందొమ్మిదేళ్ళు.
రైలు పట్టాల పక్కన రాగితీగ చుట్టతో దొరికాడు.
ఫోనులో నేను చెప్పినదానికల్లా ఊ కొట్టాడు.
ఇంటర్వ్యూలో నోరు విప్పకు, ఊ.
సంతకం పెట్టేముందు చదువు, ఊ.
ఒంట్లో బావుందా, ఊ.
ఇదివరకు అరెస్టయ్యావా, ఊ.
నా పని అయిపోయింది.
కొత్త పేజీ ప్రకారం నేను దుప్పటి కప్పుకోవచ్చు.

కానీ ఆ ఊలన్నీ ఒకే ఎత్తులో ఉన్నాయి.
కథ వింటున్న పిల్లాడి ఊ అలా ఉండదు,
రాక్షసుడు వచ్చినచోట కాస్త వణుకుతుంది.

తాళాలు తీసుకున్నాను.

గదిలో గోడవైపు తిరిగి కూర్చుని ఉన్నాడు.
పిలిచాను. తిరగలేదు.
బల్ల మీద వేలితో కొడితే, ఆ అదురుకి తిరిగాడు.
చెవి యంత్రం ఏదని సార్జెంటుని అడిగాను.
బెల్టుతో, బూటు లేసులతో పాటు
ప్లాస్టిక్ సంచీలో, సీలు వేసి ఉంది.
బ్యాటరీ మింగుతాడేమోనని, మేడమ్.
ఆయన నిజంగానే అలా అనుకున్నాడు.

మౌనం అర్ధాంగీకారం అనేవారు మా ఇంట్లో.
ఇరవై రెండేళ్ళుగా ఆ సామెతని
నేను ఇక్కడి గదుల్లో కాదంటూ వస్తున్నాను:
మౌనం నీ హక్కు, బాబూ, అంగీకారం కాదు.
అయినా పోలీసులు చదివే హెచ్చరికలో
ఆ సగం ఇంకా మిగిలే ఉంది:
ఇప్పుడు దాచింది రేపు చెబితే
నీకే చేటు కలగవచ్చు.
అక్కడా ఒక 'వచ్చు'.
కానీ ఊ సంగతి ఏ సామెతా చెప్పలేదు.
వినపడనివాడి ఊ పూర్తి అంగీకారమైపోతుంది,
టేపు మీద, తారీఖుతో సహా.

యంత్రం చెవిలో పెట్టాక
మొదటినుంచీ చెప్పాను.
మూడో మాట దగ్గర "ఆగండి" అన్నాడు.
ఈ రాత్రి అతను నిజంగా మాట్లాడింది అదే మొదలు.
ఆగాను.

నాలుగున్నరకి కారులో కొత్త ఫారం నింపాను.
స్వయంగా వెళ్ళిన కారణం ఎంచుకోమంది.
ఆరు కారణాలున్నాయి.
వాటిలో చెవి లేదు,
ఊ లేదు.
ఏడోది 'ఇతరములు'.
కైరన్‌ని ఇతరముల్లో వేసి
అద్దం మీది మంచు గీకడానికి ఏదైనా దొరుకుతుందేమోనని
పక్క సీటు తడిమాను.
కొత్త పేజీ నలభై ఒకటి చేతికొచ్చింది.
కాగితం మందంగానే ఉంది, సగం అద్దం దాకా పనిచేసింది.