ఒకే ఒక్క బల్బు

కంపెనీ పెట్టెకి పద్నాలుగు లైట్లుండేవి.
లోసరి రొయ్యల చెరువు గట్టు మీద
కొల్లాటి మావుళ్ళు దానికి గోనెసంచి కప్పి
అటు తిరిగి పడుకునేవాడు.
"ఏ కన్ను కొడతందో, ఎందుకు కొడతందో...
జాతర్లో సీరియల్ సెట్టులా ఉందమ్మాయ్."

నేను భీమవరంలో మోటారు బోర్డులు బాగుచేస్తాను.
పెట్టె కొట్టుకి తెచ్చి
ఒక్కొక్కటే తీసేశాను.
అంకెలు తీశాను. మీటలు తీశాను.
పసిపిల్లకి చేపలో ముల్లు ఏరినట్టు
ఏరి ఏరి తీశాను.
చివరికి ఒక్క బల్బు మిగిలింది.
ఆకుపచ్చైతే పడుకో.
ఎరుపైతే లే.

నేర్పడానికి నిమిషం పట్టలేదు.
మావుళ్ళు గోనెసంచి మడిచి తలకింద పెట్టుకున్నాడు.
కనబడ్డవాళ్ళందరికీ చెప్పుకున్నాను,
తీసేయడమూ ఒక పనేనని,
పెట్టడంకన్నా కష్టమని.
ఇప్పటికీ అందులో అబద్ధం లేదు.

ఆషాఢంలో ముసురు పట్టింది.
మూడు రాత్రులు వరసగా ఎరుపు.
మూడుసార్లూ నీళ్ళలో సెన్సారుకి పాచి.
తువ్వాలుతో తుడిస్తే ఆకుపచ్చ.
నాలుగో రాత్రి మూడింటికి మళ్ళీ ఎరుపు.
మావుళ్ళు లేచాడు.
మొలలోతు నీళ్ళలో నిలబడి
తుడిచిందే తుడిచాడు.
ఈసారి తగ్గుతున్నది నీళ్ళలో ఊపిరని
బల్బుకి తెలుసు.
చెప్పడానికి దానికి ఇంకో మాట లేదు.

డీజిలింజను వేసేసరికి అరగంట దాటింది.
తెల్లారేసరికి గట్టు పొడుగునా
కొంగలకి విందు.
ఆసామి ఆ నెల జీతం ఆపేశాడు.
మావుళ్ళు నన్నేమీ అనలేదు.
తడిసిన చుట్ట వెలగక, పక్కన పెట్టి,
"లేవమంది, లేచాను.
ఎందుకో చెప్పలేదమ్మాయ్."

బల్బు లేని రోజుల్లో
దోసిట్లో నీళ్ళు తీసి వాసన చూసేవాడట.
చెక్‌ట్రే ఎత్తి మీసాలు చూసేవాడట.
చీకట్లో రొయ్య ఎగిరిన చప్పుడు
బరువుగా ఉందో తేలిగ్గా ఉందో వినేవాడట.
"పెట్టె చూసుకుంటంది కదాని మానేశాను."

నేను తీసినవాటి లెక్క నా దగ్గరుంది,
స్క్రూలతో సహా.
ఇది అందులో లేదు.
ముప్పై ఏళ్ళ చెయ్యిని కూడా
ఊడదీసి పక్కన పెట్టాను,
అక్కడ ఉందనే తెలియక.

కొత్త మూతకి మూడు కన్నాలు పెట్టి తీసుకెళ్ళాను.
పాచికి ఒకటి, ఊపిరికి ఒకటి,
కరెంటు పోతే ఒకటి.
మావుళ్ళు మూడింటినీ వేలితో తడిమాడు.
"కరెంటుకెందుకు?
పాకలో ఫ్యాను ఆగితే దోమలే లేపుతాయి."
మూడోది ఒద్దన్నాడు.
"రాత్రికోసారి చెక్‌ట్రే నేనే ఎత్తుతాలే,
దానికి బల్బు పెట్టకు" అన్నాడు.

రెండే బిగించాను.
మూడో కన్నం మూయడం మర్చిపోయాను.
మొన్న వెళ్ళి చూస్తే
కందిరీగ మట్టి మెత్తి గూడు కట్టుకుంది.
స్క్రూడ్రైవరు తీశాను.
మావుళ్ళు నా చెయ్యి పట్టుకుని
తియ్యనివ్వలేదు.